వెలోడ్రోమ్ లేని ఊళ్లో ట్రాక్ స్ప్రింట్ సిరీస్ ఎలా పెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: విజయవాడలో ఆదివారం పొద్దున్నే కలిసి సైకిళ్లు తొక్కే బృందం ఉంది, అందులో స్కూలు, ఇంటర్ పిల్లలే ఎక్కువ. దూరాలు తొక్కడం అలవాటైపోయింది, ఇప్పుడు వేగం మీదకు మనసు పోయింది. ట్రాక్ స్ప్రింట్ తరహాలో ఒక సిరీస్ పెట్టాలని ఉంది. వెలోడ్రోమ్ (మలుపులు వాలుగా కట్టిన సైకిల్ రేసు ట్రాక్) లేదు, స్పాన్సర్ లేడు. ఎక్కడ పెట్టాలి, ఏ పద్ధతిలో నడపాలి, ప్రైజ్ మనీ ఎంత ఉండాలి?

పెట్టొచ్చండి. ఇలాంటి పోటీల్లో నేను చాలా ఏళ్లుగా స్టార్టర్‌గా, టైమ్ కీపర్‌గా, ఎక్కువసార్లు తెల్లారకముందే గ్రౌండ్‌లో గీతలు గీసే మనిషిగా తిరిగాను. ఆ అనుభవంతో చెప్తున్నా. అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది గ్రౌండూ కాదు, డబ్బూ కాదు. వచ్చిన ప్రతి పిల్లాడూ ఆ పూట ఎన్నిసార్లు రేసు తొక్కుతాడు? ఈ ఒక్కదానికి జవాబు రాసుకుని, మిగతావన్నీ దాని చుట్టూ కట్టండి.

మన దగ్గర పోటీ అంటే ముందు ఫ్లెక్సీ, తర్వాత స్టేజి, ఆ తర్వాత ముఖ్య అతిథి. ఒక పట్టణంలో నేను చూసిన మీట్‌లో పిల్లలు ఆరింటికే వచ్చి కూర్చుంటే మొదటి విజిల్ తొమ్మిదిన్నరకు పడింది. తెనాలి నుంచి నాన్న బండి వెనక సైకిల్ కట్టుకుని వచ్చిన కుర్రాడు పదిహేను సెకన్లు తొక్కి, మొదటి హీట్‌లోనే ఓడిపోయి, టిఫిన్ పొట్లం తీసుకుని వెళ్లిపోయాడు. వాడు మళ్లీ రెండో రౌండ్‌కు ఎందుకొస్తాడు? సిరీస్ అన్నాక మళ్లీ రావడమే కదా అసలు సంగతి.

స్ప్రింట్ అసలు పద్ధతి మీకు కొంత తెలిసే ఉంటుంది. ముందు ఫ్లయింగ్ 200, అంటే వేగం అందుకున్నాక చివరి 200 మీటర్లకు మాత్రమే టైమ్ తీస్తారు. ఆ టైమ్‌ల ప్రకారం ర్యాంకులిచ్చి, అందరికంటే వేగంగా వెళ్లినవాడిని అందరికంటే వెనకబడ్డవాడితో కలిపి ఇద్దరిద్దరిగా వదులుతారు. 250 మీటర్ల ట్రాక్ మీద మూడు ల్యాపులు, 333 మీటర్లు, ఆపైన ఉంటే రెండు. మొదట్లో ఇద్దరూ నడిచినంత మెల్లగా వెళ్తారు. ముందున్నవాడు గాలిని చీల్చుకుంటూ పోవాలి, వెనకవాడు ఆ చాటున బలం దాచుకుంటాడు. అందుకే ఎవరికీ ముందుండాలని ఉండదు. కూతకెళ్లినవాడు గీత దగ్గర కాలు ఆడిస్తూ అవతలివాళ్లను కవ్వించినట్టే ఇక్కడా జరుగుతుంది. ఒక్కోసారి సైకిల్‌ను కదలకుండా నిలబెట్టేస్తారు కూడా. దాన్ని ట్రాక్ స్టాండ్ అంటారు, అంతర్జాతీయ నిబంధనల్లో దానికి 30 సెకన్ల హద్దు ఉంది.

ఇది తెలియని జనం మొదటిసారి చూసినప్పుడు "వీళ్లేంట్రా, నిద్రపోతున్నారా?" అంటారు. అనౌన్సర్ చేతికి మైక్ ఇచ్చేముందు ఈ ఆట గురించి అతనికి చెప్పి ఉంచండి. దాతల పేర్లు చదవడం కాస్త తగ్గించి, వెనకవాడు ఎందుకు వెనకే ఉన్నాడో చెప్తే చాలు, చూసేవాళ్లు వాళ్లంతట వాళ్లే గీత దగ్గరకు వస్తారు.

అయితే ఆ నాకౌట్ పద్ధతిని ఉన్నదున్నట్టు దించకండి. ఓడినవాళ్లకు రెపెషాజ్ అని రెండో అవకాశం ఉంటుంది గానీ, కొత్త పిల్లలకు అది సరిపోదు. నేను చెప్పేది గ్రూపుల పద్ధతి. పదహారు మంది ఉన్నారనుకోండి. ఫ్లయింగ్ 200 అయ్యాక నలుగురేసి చొప్పున నాలుగు గ్రూపులు చేయండి. మొదటి గ్రూపులో 1, 8, 9, 16 ర్యాంకులు, రెండో దాంట్లో 2, 7, 10, 15, మూడో దాంట్లో 3, 6, 11, 14, నాలుగో దాంట్లో 4, 5, 12, 13. గ్రూపులో ప్రతివాడూ మిగతా ముగ్గురితో ఒక్కో మ్యాచ్ తొక్కుతాడు. అంటే అందరికంటే వెనకబడ్డవాడు కూడా ఫ్లయింగ్ 200తో కలిపి నాలుగు రైడ్లు చేసి ఇంటికెళ్తాడు. గ్రూపుకు ఇద్దరు క్వార్టర్స్‌కు వెళ్తారు. గ్రూపు మ్యాచ్‌లు ఒక ల్యాపు, సెమీస్ నుంచి రెండు ల్యాపులు పెట్టుకోండి.

లెక్కేస్తే గ్రూపుల్లో 24 మ్యాచ్‌లు, క్వార్టర్స్ 4, సెమీస్ 2, మూడో స్థానానికి ఒకటి, ఫైనల్ ఒకటి, మొత్తం 32. ఇంకో విభాగంలో ఎనిమిది మంది ఉంటే గ్రూపుల్లో 12, సెమీస్, ఫైనల్స్ కలిపి 4, మొత్తం 16. రెండూ కలిపితే 48. మ్యాచ్‌కు మూడు నిమిషాలు, ఫ్లయింగ్ 200కు మనిషికి నిమిషంన్నర వేసుకున్నా మూడు గంటల్లో అయిపోతుంది. ఆరూ ముప్పావుకు మొదలుపెడితే తొమ్మిదీ ముప్పావుకు గ్రౌండ్ ఖాళీ. రెండు విభాగాల మ్యాచ్‌లూ కలగలిపి నడిపితే పిల్లలకు రైడ్‌కూ రైడ్‌కూ మధ్య ఊపిరి తీసుకునే వ్యవధి కూడా దొరుకుతుంది. కాబట్టి పూటకు 24 మంది చాలు. ఇరవై అయిదోవాడికి నో చెప్పడం కష్టమే, కానీ చెప్పాలి. వచ్చే రౌండ్‌లో వాడి పేరు ముందు రాసుకోండి.

ఆడపిల్లలకు మొదటి రౌండ్ నుంచే వేరే విభాగం పెట్టండి. నలుగురే వచ్చారా? మన లెక్కలో నలుగురంటే సరిగ్గా ఒక గ్రూపు. మగవాళ్ల స్ప్రింట్ 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లోనే ఉంటే, ఆడవాళ్ల స్ప్రింట్ 1988 సియోల్ దాకా రాలేదు. మనం కూడా "ఎంట్రీలు పెరిగాక చూద్దాం" అనుకుంటూ కూర్చుంటే అవి పెరగవు.

ఇక గ్రౌండ్. సింథటిక్ అథ్లెటిక్స్ ట్రాక్ ఎక్కడ కనపడ్డా సైకిళ్లు ఎక్కిస్తామని అడగొద్దు. పాడవుతుందని వాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే న్యాయం. మీకు కావాల్సింది 400 మీటర్ల ఓవల్ పట్టే మట్టి లేదా గడ్డి మైదానం. విజయవాడలో ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియం, గుంటూరులో బ్రహ్మానందరెడ్డి స్టేడియం అందరి నోటా వస్తాయి గానీ వాటి మీద ఎప్పుడూ ఏదో ఒక కార్యక్రమం ఉంటుంది, నాలుగు తేదీలు వరసగా దొరకడం కష్టం. నా ఓటు కాలేజీ గ్రౌండ్లకే. పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారిని కలిసి, ఆయన కాలేజీ పిల్లలు నలుగురికి ఎంట్రీ ఉచితమని చెప్పండి, ప్రిన్సిపాల్ దగ్గర ఆయనే మీ తరఫున మాట్లాడతారు. నాగార్జున యూనివర్సిటీ వైపు కూడా కనుక్కోండి. విజయవాడకూ గుంటూరుకూ మధ్యలో హైవే మీదే ఉంటుంది కాబట్టి రెండు ఊళ్ల పిల్లలూ వస్తారు. అమరావతి వైపు వెడల్పాటి ఖాళీ రోడ్లు చూసి మనసు లాగుతుంది. వద్దండి. పొద్దున్నే గేదెలు అడ్డం వస్తాయి, కుక్కలుంటాయి, ఏ కారువాడో ఖాళీగా ఉంది కదా అని తొక్కేస్తాడు. పైగా తిన్నటి రోడ్డు మీద ఎంత వేగంగా తొక్కినా అది ట్రాక్ స్ప్రింట్ అవదు. మలుపే లేకపోతే ఎవడు ఎక్కడి నుంచి దూకాలన్న ఆటే ఉండదు.

మలుపు దగ్గర కొంచెం ఆగాలి, ప్రమాదమంతా అక్కడే ఉంది కాబట్టి. 250 మీటర్ల వెలోడ్రోమ్‌లో మలుపులు సుమారు 42 నుంచి 45 డిగ్రీలు వాలి ఉంటాయి. సైకిల్ ఎంత వాలినా కింద చెక్క కూడా వాలే ఉంటుంది, టైరు పట్టు తప్పదు. మన గ్రౌండ్ బల్లపరుపు. మామూలు 400 మీటర్ల ట్రాక్‌లో మలుపు లోపలి వ్యాసార్ధం 36.5 మీటర్లు. ఆ గీత పక్కన గంటకు 40 కిలోమీటర్లతో తిరిగితే సైకిల్ 19 డిగ్రీలు వాలుతుంది. 50తో అయితే 28, 60తో అయితే 38 డిగ్రీలకు దగ్గర. గట్టి మట్టి మీద 40 దాకా మామూలు పిల్లలు తట్టుకుంటారు, మంచు పడిన గడ్డి మీద అదీ అనుమానమే. అందుకని ఫినిష్ గీతను స్ట్రెయిట్ (రెండు మలుపుల మధ్య తిన్నటి భాగం) చివర పెట్టకుండా మధ్యకు కాస్త అటుగా పెట్టండి. గీత దాటాక తల ఎత్తి చూసి, వేగం తగ్గించుకుని మలుపులోకి వెళ్లే చోటు మిగులుతుంది. మీ గ్రౌండ్‌లో 300 మీటర్ల ఓవలే పడితే మలుపు ఇంకా బిగుస్తుంది, వేగం మీద అంత ఆశ పెట్టుకోకండి.

లోపలి అంచుకు ఇటుకలకు సున్నం కొట్టి పేర్చడం చాలాచోట్ల చూస్తుంటాను. అది చూస్తేనే నాకు టెన్షన్. రాళ్లు, ఇటుకలు, మేకులకు కట్టిన తాళ్లు ఏవీ వద్దు. వెలోడ్రోముల్లోనే టైమ్ తీసే రైడ్లప్పుడు లోపలి అంచున స్పాంజి దిమ్మలు పెడతారు. పరుపులు కుట్టేవాళ్ల దగ్గర పాత ఫోమ్ ముక్కలు కిలోల లెక్కన దొరుకుతాయి, తెచ్చి అయిదేసి మీటర్లకు ఒకటి పెట్టండి. గీతలకు పొడి సున్నం కాకుండా ముగ్గుపిండి వాడండి. సున్నం లేచి చెమట పట్టిన కళ్లలో పడితే పిల్లలు అల్లాడిపోతారు. లోపలి గీతకు 90 సెంటీమీటర్ల బయట ఇంకో గీత గీయండి, అసలు ట్రాకుల మీద ఉండే ఎర్ర గీత అదే. చివరి 200 మీటర్లలో ముందున్నవాడు ఆ రెండు గీతల మధ్య ఉంటే వెనకవాడు బయట నుంచే దాటాలి, ముందున్నవాడు బయటికి ఊగి అడ్డం రాకూడదు. తొలి సిరీస్‌కు ఈ ఒక్క నిబంధన గట్టిగా అమలు చేసినా పడిపోవడాలు చాలా తగ్గుతాయి.

నేల సంగతి మీకు నేను చెప్పాలా? గుంటూరు వైపు నల్లరేగడి ఎండితే నెర్రెలు విచ్చుతుంది, తడిస్తే టైరుకు ముద్దలా అంటుకుంటుంది. ముందు రోజు సాయంత్రం నీళ్లు చల్లి, క్రికెట్ రోలర్ ఉంటే దాన్ని రెండు మలుపుల మీదా తిప్పించండి. ఆ తర్వాత పల్లేరు కాయలు. గడ్డిలో కనపడవు, ట్యూబులో మాత్రం మూడు వైపులా ముల్లు దిగుతుంది. పాత గోనెపట్టా ఒకటి తడిపి, మీద కాస్త బరువు పెట్టి, ఇద్దరు పట్టుకుని ట్రాకంతా ఒకసారి ఈడ్చండి. తిరగేసి చూస్తే పట్టా నిండా కాయలే ఉంటాయి. ఈ పని పొద్దున కాకుండా ముందు రోజు వెలుతురుండగా చేసుకోవాలి.

సైకిళ్లలో అసలు ట్రాక్ బైక్ అంటే ఒకటే గేరు, ఫ్రీవీల్ ఉండదు, బ్రేకులుండవు, చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది. మీ పిల్లల్లో ఎవరైనా అలాంటిది కొన్నా ఈ గ్రౌండ్‌కు తేవద్దని చెప్పండి. బల్లపరుపు మలుపులో సైకిల్ వాలినప్పుడు లోపలి పెడల్ నేలకు కొట్టుకుంటుంది, ఆపుదామంటే ఆగదు. పైగా బ్రేకున్నవాడి వెనక బ్రేకు లేనివాడు పోవడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. అందరూ ఫ్రీవీల్, అందరికీ రెండు బ్రేకులు, మలుపులో లోపలి పెడల్ పైకి. మ్యాచ్ మొదలయ్యాక గేరు మార్చకూడదని పెడితే ట్రాక్ రుచి కొంత వస్తుంది. గట్టి మట్టి మీద ముందు 48 పళ్లు, వెనక 16 బాగుంటుంది. నిమిషానికి 120 సార్లు తొక్కితే గంటకు 45 కిలోమీటర్లు వస్తుంది. గడ్డి మీద అది బరువు, 42కు 17 చాలు. అట్లాస్, హీరో లాంటి పాత స్టాండర్డ్ సైకిళ్లకు ఒక విభాగం పెట్టగలిగితే పెట్టండి. పేపర్ వేసే కుర్రాళ్ల కాళ్లలో ఏముందో అప్పుడు తెలుస్తుంది.

గేటు దగ్గర ఒక బల్ల వేసి, పనితెలిసిన సైకిల్ మెకానిక్‌ను కూర్చోబెట్టండి. స్టాండు, క్యారియర్, బెల్, మడ్‌గార్డు విప్పించాలి. చక్రాల నట్లు, హ్యాండిల్ బిగింపు, రెండు బ్రేకులు చూడాలి. హ్యాండిల్ చివర్లు బొటనవేలితో తడిమి చూడమనండి. రబ్బరు ఊడిపోయి గొట్టం నోరు తెరుచుకుని ఉంటే, పడ్డప్పుడు అది పొట్టలో దిగుతుంది. బిరడా కొట్టించి టేపు చుట్టించేదాకా ఆ సైకిల్ లోపలికి రాకూడదు, ఎవరబ్బాయైనా సరే. హెల్మెట్ లేనివాడికి నంబరే ఇవ్వొద్దు.

టైమింగ్ గురించి జనం అనవసరంగా భయపడతారు. ఇద్దరు పోటీపడే మ్యాచ్‌కు అసలు టైమే అక్కర్లేదు, ఎవరి ముందు టైరు అంచు ముందు గీతను తాకిందన్నదే ముఖ్యం. ఫినిష్ గీతకు సూటిగా, ట్రైపాడ్ మీద ఒక ఫోన్ పెట్టండి. గంటకు 50 కిలోమీటర్లతో వచ్చే సైకిల్, సెకనుకు 30 ఫ్రేములు తీసే మామూలు వీడియోలో ఒక ఫ్రేమ్ నుంచి ఇంకో ఫ్రేమ్‌కు దాదాపు 46 సెంటీమీటర్లు జరిగిపోతుంది, గొడవలు అక్కడే వస్తాయి. 240 ఫ్రేముల స్లో మోషన్‌లో అయితే 6 సెంటీమీటర్ల లోపే. ఈ సౌకర్యమున్న ఫోన్ మీ బృందంలో ఎవరి దగ్గరో ఒకరి దగ్గర ఉంటుంది. కెమెరా గీతకు పక్కకు జరిగితే మాత్రం వీడియో అబద్ధం చెప్తుంది, దాని దగ్గరకు ఎవర్నీ రానివ్వొద్దు.

ఫ్లయింగ్ 200కు టైమ్ కావాలి. స్టాప్ వాచ్‌లయితే మూడు పెట్టి, మధ్యలో వచ్చిన టైమ్ తీసుకోండి. 200 మీటర్ల గీత దగ్గర ఒకరు జెండా దించితే, ఫినిష్ దగ్గరున్న ముగ్గురూ దాన్ని చూసి నొక్కుతారు. చేత్తో తీసిన టైమ్‌లో పదోవంతు సెకనుకు మించి నమ్మకం పెట్టుకోవద్దు. ఆ వేగంలో పదోవంతు సెకనంటే దాదాపు 1.4 మీటర్లు, సైకిల్ పొడవు కంటే కాస్త తక్కువ. ర్యాంకులివ్వడానికి అది చాలు, రికార్డు రాసుకోవడానికి చాలదు. ఇంకా కచ్చితంగా కావాలంటే రెండు ఫోన్లతో వీడియో తీసి కలపొచ్చు. అయితే ఒక గీత దగ్గర చప్పట్లు కొట్టి ఆ శబ్దంతో రెండు వీడియోలూ కలుపుదామనుకుంటారు చాలామంది. రెండు గీతల మధ్య నేరుగా వంద మీటర్లున్నా ఆ శబ్దం చేరడానికి సెకనులో మూడో వంతు దాకా పడుతుంది, ఆ తేడా అంతా టైమ్‌లోకి ఎక్కుతుంది. రెండు ఫోన్లనూ ఒకేచోట పెట్టి, రికార్డింగ్ మొదలెట్టి, వాటి పక్కనే ఒక్కసారి చప్పట్లు కొట్టి, ఆపకుండా ఎవరి గీత దగ్గరకు వాళ్లు తీసుకెళ్లాలి.

పిల్లలు టైమ్ చూసుకుని డీలా పడకుండా ముందే చెప్పండి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో హాలండ్ ఆటగాడు హ్యారీ లావ్రేసెన్ ఫ్లయింగ్ 200ను 9.088 సెకన్లలో తొక్కాడు, అంటే గంటకు 79 కిలోమీటర్లు. మట్టి మీద, మామూలు సైకిల్ మీద 17 సెకన్లంటే గంటకు 42 కిలోమీటర్లు, తక్కువేం కాదు.

కీరిన్ కూడా పెట్టొచ్చా అని మీ బృందంలో ఎవరో ఒకరు అడుగుతారు. 1948లో జపాన్‌లో పందేల ఆటగా మొదలై, 2000లో ఒలింపిక్స్‌కు చేరిన పోటీ అది. మోటారు బండి వెనక ఆరేడుగురు గుంపుగా వెళ్లి, బండి తప్పుకున్నాక దూకుతారు. బల్లపరుపు మట్టి మీద గుంపు స్ప్రింట్ నాకు ఇష్టం లేదు. అంతగా కావాలంటే ఆఖరి రౌండ్‌లో, నలుగురితో, బండికి బదులు ఒక అనుభవజ్ఞుడిని సైకిల్ మీద ముందు పెట్టి చూడండి.

నెలకొకటి చొప్పున నాలుగు రౌండ్లు చాలు. నవంబరు చివర ఒకటి, డిసెంబరులో ఒకటి, సంక్రాంతికి ఊరంతా ఖాళీ అవుతుంది కాబట్టి జనవరి ఆఖరి వారంలో ఒకటి, ఫిబ్రవరి మొదట్లో చివరిది. ఆ తర్వాత పరీక్షలు, ఆపైన ఎండలు. నవంబరులో తుపాను వస్తుందన్న లెక్కతో మొదటి రౌండ్‌కు వారం తర్వాతి తేదీ కూడా ముందే అడిగి ఉంచండి. ధనుర్మాసంలో మంచు ఎక్కువుంటే గంట ఆలస్యంగా మొదలెట్టండి. మలుపులో గడ్డి మీద అరచేయి రాసి చూస్తే తెలిసిపోతుంది. పాయింట్లు మ్యాచ్ గెలుపుకు ఒకటి, ఫైనల్ స్థానాలకు 5, 3, 2, 1. నాలుగు రౌండ్లలో మంచి మూడే లెక్కపెట్టండి, పెళ్లికో పరీక్షకో ఒక రౌండ్ పోయినవాడు సిరీస్ నుంచి పోకూడదు. పట్టికను ఆ రాత్రే మీ బృందం వాట్సాప్ గ్రూపులో పెట్టేయాలి. రెండు రోజులు ఆలస్యమైతే ఎవరికీ ఆసక్తి ఉండదు.

అనుమతులు పెద్ద పనేం కాదు. గ్రౌండ్ యజమాని నుంచి రాతపూర్వకంగా, మైక్ ఉంటే పోలీస్ స్టేషన్ నుంచి, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు అమ్మానాన్నల సంతకం. 108ని ముందుగా గ్రౌండ్‌లో పెట్టుకోలేరు, ఒక ప్రైవేటు అంబులెన్స్ మాట్లాడుకోండి. ఎక్కువగా తగిలేవి గీరుకుపోయిన గాయాలు, అప్పుడప్పుడు కాలర్ బోన్. ఆ రోజుకు ప్రమాద బీమా గురించి ఏజెంటును అడగండి. జిల్లా సైక్లింగ్ సంఘానికి ఒక ఉత్తరం రాసి ఒక రిఫరీని పంపమంటే మంచిది, రేపు సెలక్షన్లప్పుడు మీ పిల్లల పేర్లు వాళ్లకు తెలిసి ఉంటాయి.

సిరీస్‌లో ముందున్న నలుగురినీ హైదరాబాద్ తీసుకెళ్లండి. ఉస్మానియా యూనివర్సిటీలో 2002 జాతీయ క్రీడలకు కట్టిన వెలోడ్రోమ్ ఉంది. వెళ్లేముందు ట్రాక్ పరిస్థితి, అనుమతి, అక్కడ శిక్షణ ఇచ్చేవాళ్లు ఎవరున్నారన్నది ఫోన్‌లో కనుక్కోవాలి. వాలు మీద మొదటిసారి ఎక్కే పిల్లాడిని ఒంటరిగా వదలకూడదు. 2019లో జర్మనీలో జూనియర్ ప్రపంచ పోటీల్లో టీమ్ స్ప్రింట్ స్వర్ణం గెలిచిన మన జట్టులో అండమాన్ కుర్రాడు ఈసో ఆల్బెన్, మణిపూర్ కుర్రాడు రొనాల్డో సింగ్ ఉన్నారు. వాళ్లు పెద్ద నగరాల పిల్లలేం కాదు. మీ పిల్లలకు ఈ మాట రైల్లో చెప్పండి.

ప్రైజ్ మనీ అడిగారు. నన్నడిగితే ఒక్క రూపాయి వద్దు. డబ్బు పెట్టిన మరుక్షణం పాతికేళ్ల రోడ్ రేసర్లు పక్క జిల్లాల నుంచి వచ్చి ఆ కవరు పట్టుకుపోతారు, మీ ఇంటర్ పిల్లలు గ్యాలరీలో కూర్చుంటారు. ఎంట్రీ 200 దాటనివ్వకండి. ఎవరైనా దాత ముందుకొస్తే ట్యూబులు, టైర్లు, హెల్మెట్లు అడగండి, వాటిని గెలిచినవాళ్లకు కాకుండా నాలుగు రౌండ్లూ వచ్చినవాళ్లకు ఇవ్వండి. మిగిలిన డబ్బు హైదరాబాద్ టికెట్లకు పనికొస్తుంది. ముఖ్య అతిథిని పిలవక తప్పకపోతే తొమ్మిదిన్నరకు రమ్మనండి, సెమీస్ నడుస్తుంటాయి. ఆయన చేతికి విజిల్ ఇచ్చి ఒక మ్యాచ్ స్టార్ట్ చేయించండి, మైక్ మాత్రం ఇవ్వకండి.